ఇద్దరు అచ్చమాంబలు, ఒకే ఇంటిపేరు

1905 జనవరి 18న మధ్య పరగణాల్లోని బిలాస్‌పూర్‌లో భండారు అచ్చమాంబ కన్నుమూశారు. అప్పటికి వయసు ముప్పయ్యేళ్ళు దాటీ దాటనంత. ఆ మరుసటి ఏడాది సెప్టెంబరు 6న గుంటూరులో ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్ల పేరూ అచ్చమాంబే. చదువుకుని డాక్టరై, మొదటి అచ్చమాంబ మేనల్లుడు వినాయకరావును పెళ్ళాడి కొమర్రాజు అచ్చమాంబ అయ్యారు. మేనత్త రచయిత్రి, చరిత్రకారిణి, తెలుగునాట స్త్రీల సమాజాలకు ఆద్యురాలు. మేనల్లుడి భార్య వైద్యురాలు, ఉద్యమకారిణి, పార్లమెంటు సభ్యురాలు. ఒకరినొకరు చూసుకునే అవకాశమే లేని ఈ ఇద్దరినీ పేరూ ఇల్లూ కలిపాయి.

కలిపింది చరిత్ర అయితే సంతోషమే. మన అశ్రద్ధ కూడా వాళ్ళను కలిపేస్తోంది, బాధ అక్కడే. వ్యాసాల్లో, సభల్లో ఒకరి పని ఇంకొకరి ఖాతాలో పడిపోవడం కనిపిస్తూనే ఉంటుంది. ఒకరి పుట్టిన ఊరు ఇంకొకరికి అంటగడతారు, కథలు రాసిన ఆమె చేతికి స్టెతస్కోపు ఇస్తారు. పేరు ఒకటైన మగవాళ్ళ విషయంలో ఇంత తికమక పడం. కృష్ణశాస్త్రి అంటే దేవులపల్లి, సుబ్రహ్మణ్యశాస్త్రి అంటే శ్రీపాద అని బడి పిల్లలు కూడా చెప్పగలరు. ఇంటిపేరుతో, ఊరుతో, రాసిన పుస్తకంతో సహా వాళ్ళను గుర్తుపెట్టుకునే అలవాటు మనకు ఉంది. స్త్రీల దగ్గరకు వచ్చేసరికి ఒక పేరుకు ఒక మనిషి చాలు అన్నట్టు జ్ఞాపకం ఇరుకైపోతుంది.

ముందు మేనత్త సంగతి చూద్దాం.

అచ్చమాంబ 1874లో కృష్ణా జిల్లా నందిగామ దగ్గరి పెనుగంచిప్రోలులో పుట్టారు. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య చిన్నతనంలోనే పోయారు. పదేళ్ళ వయసుకే పెళ్ళయింది. భర్త భండారు మాధవరావుకు అది రెండో పెళ్ళి. ఆయన ఉద్యోగం మధ్య పరగణాల్లో కాబట్టి కాపురం తెలుగు మాట వినబడని చోట మొదలైంది. తల్లినీ, తనకంటే మూడేళ్ళు చిన్నవాడైన తమ్ముణ్ణీ వెంట తీసుకుపోయారు. ఆ తమ్ముడే తరవాత విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపకుడిగా, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం సంపాదకుడిగా తెలుగువాళ్ళందరికీ తెలిసిన కొమర్రాజు లక్ష్మణరావు. ఆయన చదువు అక్క ఇంట్లో సాగింది. అక్క చదువు తమ్ముడి పుస్తకాల పక్కన సాగింది. ఏ బడి మెట్లూ ఎక్కకుండా తెలుగు, హిందీ, మరాఠీ నేర్చుకుని, బెంగాలీలోనూ అడుగుపెట్టి, సంస్కృతం, ఇంగ్లీషు కొంతవరకు పట్టుకున్న మనిషి ఆమె.

లక్ష్మణరావు గురించి రాసేవాళ్ళు అక్క ఆయన్ని పెంచిందని ఒక వాక్యం రాసి ముందుకు పోతారు. ఆ వాక్యాన్ని తిరగేసి చదివితే ఇంకో సంగతి బోధపడుతుంది. తెలుగులో ఆధునిక విజ్ఞానాన్ని ప్రజల్లోకి తీసుకుపోవాలన్న పట్టుదల ఆ ఇంట్లో తమ్ముడికంటే ముందు అక్క చేతిలో పుస్తకమై వచ్చింది. విజ్ఞానచంద్రిక పుట్టింది 1906లో. అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగం పుస్తకంగా వచ్చింది 1901లో.

ఆ పుస్తకం గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి. భారతదేశంలో దాదాపు వెయ్యేళ్ళ కాలానికి చెందిన ముప్పై నలుగురు స్త్రీల జీవితాలు అందులో ఉన్నాయి. కందుకూరి వీరేశలింగం ‘చింతామణి’ పత్రిక ద్వారా దాన్ని వెలుగులోకి తెచ్చారు. అచ్చమాంబ వేసుకున్న ప్రణాళిక మూడు భాగాలది. చరిత్రకు అందిన భారతీయ స్త్రీలు ఒక భాగం, వేద పురాణ కాలాల స్త్రీలు ఒక భాగం, విదేశీ స్త్రీలు ఇంకో భాగం. మూడో భాగం ఊహే ఆశ్చర్యం కలిగిస్తుంది. సముద్రం దాటితే కులం పోతుందని నమ్మే కాలంలో, తెలుగు పల్లెలో పుట్టి బడికి పోని ఒక గృహిణి, ప్రపంచంలోని స్త్రీల చరిత్రను తెలుగు స్త్రీల కోసం రాయాలని తలపెట్టారు. మరణం ఆ పనికి అడ్డుపడింది.

ఆ పుస్తకానికి ముడిసరుకు దొరకడం ఎంత కష్టమో ఊహించండి. తెలుగులో అలాంటి పుస్తకాలు లేవు. గ్రంథాలయాల ఉద్యమం ఇంకా మొదలు కాలేదు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది కూడా 1901లోనే. తన దారికి వచ్చిన మరాఠీ, హిందీ, బెంగాలీ పుస్తకాలు, పత్రికలు వెతికి, పోల్చి, నమ్మదగినది ఏదో తేల్చుకుని రాయాలి. ఉద్దేశం కూడా ఆమె దాచుకోలేదు. ఆడవాళ్ళు బలహీనులు, తెలివి తక్కువవాళ్ళు అనే మాట తప్పని చూపించడం, చదువుకుంటే స్త్రీలు చెడిపోతారనే వాదానికి జవాబు చెప్పడం ఆ రచన లక్ష్యాలు. ఆ రెండు వాదాలకూ ఆమె తర్కంతో కాకుండా సాక్ష్యంతో జవాబు చెప్పారు. ఇదిగో ఈమె రాజ్యం ఏలింది, ఇదిగో ఈమె గణితం చెప్పింది, ఇప్పుడు మాట్లాడండి అన్నట్టు ఒక్కొక్క జీవితాన్నీ ముందు పెట్టారు. జ్యోతిషంలో ఆరితేరిన ఖన మీద ఆమె రాసినది దాదాపు తొంభై ఏళ్ళ తరవాత సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో ఇంగ్లీషులో వచ్చిన భారతీయ స్త్రీల రచనల సంకలనానికి ఎక్కింది.

ఇంత పని చేసిన మనిషిని ఇవాళ మనం ఏ ఒక్క వివాదంతో గుర్తుపెట్టుకున్నామో అందరికీ తెలుసు. తెలుగులో మొదటి కథ ఎవరిది? గురజాడ ‘దిద్దుబాటు’ 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902 నవంబరులో ‘హిందూ సుందరి’లో వచ్చింది. తేదీల లెక్క ఇంత సూటిగా ఉంది. అయినా ఏళ్ళ తరబడి వాదం నడిచింది. ఆమె కథలకు కథాలక్షణాలు తక్కువని, నీతి ఎక్కువని, భాష పాతదని అన్నారు. పండగ పూట యజమాని సొమ్ము ఇంటికి తెచ్చిన భర్తను నిలబెట్టి, ఆ సొమ్ముతో వచ్చే పండగ నాకొద్దని చెప్పే భార్య కథలో సంఘర్షణ లేదంటే నమ్మడం కష్టం. ‘స్త్రీవిద్య’ అన్న కథ భార్యాభర్తల సంభాషణగా నడుస్తుంది. చదువుకోమని అతను, ఎందుకని ఆమె. ఇంట్లో మాట్లాడుకునే భాష అచ్చులో అలా కనిపించడం ఆ రోజుల్లో అరుదు.

ఆ కథలను వెతికి తీసి పుస్తకంగా వేసిన సంగిశెట్టి శ్రీనివాస్, ఆమె జీవితచరిత్ర రాసిన కొండవీటి సత్యవతి వంటివారికి తెలుగు పాఠకులు రుణపడి ఉన్నారు. వాళ్ళ శ్రమ లేకపోతే ‘ధనత్రయోదశి’ ఇంకా పాత పత్రికల కట్టల్లోనే ఉండేది. తొలి కథ కిరీటం అచ్చమాంబకు దక్కడం న్యాయమే. కానీ ఆ కిరీటమే ఆమెను మూసేసే ప్రమాదం కూడా ఉంది. పోటీ పరీక్షల గైడులో ‘తొలి తెలుగు కథకురాలు’ అన్న ఒక్క గీతకు ఆమె కుదించుకుపోతున్నారు. స్త్రీల చరిత్రను స్త్రీయే రాయాలని తెలుగులో అంత ముందుగా అనుకున్న మనిషిగా ఆమె స్థానం తొలి కథకురాలి స్థానం కంటే పెద్దది. ‘దిద్దుబాటు’ కంటే ఎనిమిదేళ్ళు ముందా వెనకా అన్న లెక్కతో ఆ స్థానానికి పనిలేదు.

రాతతో ఆమె ఆగలేదు. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం స్థాపించారు. స్త్రీలు తామే సభ పెట్టుకుని, తామే మాట్లాడుకునే చోటు అది. అంతవరకు స్త్రీల గురించిన సభల్లో మాట్లాడింది ఎక్కువగా మగవాళ్ళే. తనకు పుట్టిన ఇద్దరు పిల్లలూ దక్కకపోతే దిక్కులేని పిల్లలను ఇంటికి తెచ్చి పెంచారు. 1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు దేశమంతా పాకి, ఆమె ఉన్న ప్రాంతానికీ వచ్చింది. రోగుల దగ్గరికి పోవడానికి బంధువులే జంకే సమయంలో సేవ చేస్తూ ఆమె అదే రోగంతో మరణించారు.

ఇక మేనల్లుడి భార్య.

పుట్టుక గుంటూరు, వైద్యవిద్య మద్రాసు, వృత్తి బెజవాడ. కొమర్రాజు అచ్చమాంబ జీవితంలో ఊళ్ళ పేర్లు చదివితేనే రెండు తరాల మధ్య ఎంత దూరం నడిచామో తెలుస్తుంది. మేనత్త తమ్ముడి పుస్తకం పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుకుంది. ఆ తమ్ముడి కోడలు వైద్య కళాశాలలో మగపిల్లలతో సమానంగా పట్టా తీసుకుంది. మధ్యలో గడిచింది నాలుగు దశాబ్దాలకు మించదు. ఆ నలభై ఏళ్ళలో వీరేశలింగం, అచ్చమాంబ వంటివారు చేసిన వాదన ఫలితం ఎలా ఉంటుందో చూడాలంటే దూరం పోనక్కరలేదు, ఆ ఒక్క కుటుంబమే చాలు.

డాక్టర్ అచ్చమాంబ పనిచేసిన కాలాన్ని గుర్తుచేసుకోవాలి. 1930లు, 40లలో కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో కాన్పు అంటే ఇంటి వెనక చీకటి గది, మంత్రసాని, దేవుడి మీద భారం. మగ డాక్టరుకు చూపించడానికి కుటుంబాలు ఒప్పుకునేవి కావు. ఆడ డాక్టరు పట్నంలోనే ఉండేది, అక్కడా వేళ్ళ మీద లెక్కపెట్టేటంతమందే. అలాంటి రోజుల్లో బెజవాడలో స్త్రీల వైద్యురాలిగా ఉండటమే ఒక సంఘసంస్కరణ. ఆమె అక్కడితో సరిపెట్టుకోకుండా ‘ప్రసూతి, శిశుపోషణ’ అని తెలుగులో పుస్తకం రాశారు. గర్భం, కాన్పు, పసిబిడ్డ పెంపకం గురించి ఒక తెలుగు స్త్రీ, తెలిసిన డాక్టరు, తెలుగు స్త్రీలకు అర్థమయ్యేటట్టు చెప్పిన పుస్తకం. సాహిత్య చరిత్రలు రాసేవాళ్ళు దీన్ని సాహిత్యంగా లెక్కించరు, వైద్య చరిత్ర రాసేవాళ్ళు తెలుగు పుస్తకాల జోలికి రారు. రెండింటి నడుమా జారిపోయిన పుస్తకాల్లో ఇది ఒకటి. ఎన్ని బాలింత ప్రాణాలు నిలబెట్టిందన్న కొలత పెడితే మన సాహిత్య చరిత్రలో చాలా పుస్తకాలకంటే ఇది ముందు వరసలో నిలబడుతుంది.

1940ల్లో ఆమె కమ్యూనిస్టు ఉద్యమంతో, అందులోని మహిళా సంఘంతో కలిసి పనిచేశారు. ఆంధ్ర జిల్లాల్లో స్త్రీలు సభలకు, బుర్రకథలకు, రాజకీయ పాఠాలకు ఇల్లు దాటి వచ్చిన కాలం అది. తరవాత ఆ పార్టీకి దూరమై, 1957లో కాంగ్రెస్ తరఫున విజయవాడ నుంచి రెండో లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఈ మలుపును ఎవరి దృష్టితో వాళ్ళు చూశారు. పార్టీ మారిందన్న ఒక్క కారణంతో ఎర్ర జెండా చరిత్రల్లో ఆమె పేజీ సన్నబడింది. వచ్చి చేరిన చోట కాంగ్రెస్ చరిత్రలు రాసేవాళ్ళకు ఆమె పాత ఉద్యమం ఇబ్బందిగా తోచింది. ఏ పార్టీ తనదని చెప్పుకోని మనిషిని గుర్తుపెట్టుకోవలసిన బాధ్యత పార్టీలకు బయట ఉన్న మనందరిదీ.

విజయవాడ లోక్‌సభ స్థానం జాబితా చూడండి. 1952లో కవి, నటుడు హరీంద్రనాథ్ చటోపాధ్యాయ గెలిచారు. 1962లో నీటిపారుదల ఇంజనీరు కె.ఎల్. రావు గెలిచారు. ఇద్దరి పేర్లూ అందరికీ గుర్తు. మధ్యలో ఐదేళ్ళు ఆ కుర్చీలో కూర్చున్నది డాక్టర్ అచ్చమాంబ అని విజయవాడలోనే ఎందరికి తెలుసు? ఆ లోక్‌సభ కాలంలోనే, 1961లో, వరకట్న నిషేధ చట్టం పార్లమెంటు ఉభయసభల సంయుక్త సమావేశం దాకా వెళ్ళి ఆమోదం పొందింది. ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. కాన్పుల గదిలో జీవితం గడిపిన ఒక తెలుగు డాక్టరు ఆ సభలో సభ్యురాలుగా ఉన్నారన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క వాక్యానికైనా తగదా?

ఇప్పుడు ఇంటిపేర్ల చిక్కు దగ్గరికి వద్దాం. మేనత్తను భండారు అంటాం, మేనల్లుడి భార్యను కొమర్రాజు అంటాం. భండారు మేనత్తకు అత్తింటి పేరు. కొమర్రాజు మేనల్లుడి భార్యకు అత్తింటి పేరు. పుట్టింటి పేరుతో పిలిస్తే మొదటి అచ్చమాంబ కొమర్రాజు అచ్చమాంబే. అంటే ఈ ఇద్దరినీ విడదీసి చూపించే గుర్తు కూడా వాళ్ళ వాళ్ళ భర్తల నుంచి వచ్చిందే. పుస్తకాల జాబితాల్లో, ఇంటర్నెట్‌లో వెతికే విద్యార్థికి ఈ చిక్కు ఎంత పనిపెడుతుందో పరిశోధన చేసినవాళ్ళకు తెలుసు. దానికి తోడు ఇంగ్లీషు అక్షరాల్లో ఈ పేరును మూడు నాలుగు రకాలుగా రాస్తారు. ఒక స్పెల్లింగుతో వెతికితే రచయిత్రి దొరుకుతుంది, ఇంకోదానితో ఎంపీ దొరుకుతుంది, మరోదానితో ఇద్దరూ కలిసిపోయి వస్తారు.

ఈ పేరుతో మూడో మనిషి కూడా ఉన్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. అందులో తన కథ తానే చెప్పిన రేగళ్ళ అచ్చమాంబ ఆమె. చదువుకున్న కుటుంబం, తెలిసిన తమ్ముడు, పెద్ద ఇంటిపేరు అండగా లేని అచ్చమాంబ. ఎవరో టేప్ రికార్డరు పట్టుకుని వెళ్ళి కూర్చుని వినబట్టి ఆమె మాట మిగిలింది.

మనిషిని మనిషిగా విడిగా గుర్తుపెట్టుకోవడం అసాధ్యమేమీ కాదని పక్కనున్న మహారాష్ట్రను చూస్తే తెలుస్తుంది. అక్కడ ఇద్దరు రమాబాయిలు ఒకే ఊళ్ళో, ఒకే కాలంలో పనిచేశారు. పండిత రమాబాయి 1858లో పశ్చిమ కనుమల అడవిలో పుట్టారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే భార్యకూ కూతురికీ సంస్కృతం నేర్పినందుకు సంఘంతో తగవు పడ్డ మనిషి. పురాణాలు చెప్పుకుంటూ యాత్రలు చేసే ఆ కుటుంబాన్ని మద్రాసు రాజధానిని ఊపేసిన కరువు మింగింది. తల్లి, తండ్రి, అక్క పోయారు. మిగిలిన అన్నతో కలిసి నడిచి నడిచి కలకత్తా చేరిన ఆ అమ్మాయి పాండిత్యం చూసి అక్కడి పండితులు పండిత, సరస్వతి బిరుదులిచ్చారు. కులం కాని బెంగాలీ న్యాయవాదిని పెళ్ళి చేసుకుని, రెండేళ్ళు నిండకుండానే వితంతువై, పసికందుతో 1882లో పూనా వచ్చి ఆర్య మహిళా సమాజం పెట్టారు.

ఆ సమాజానికి వచ్చినవారిలో రెండో రమాబాయి ఒకరు. 1873లో పదకొండేళ్ళ వయసులో ఆమెను మహాదేవ గోవింద రానడేకు ఇచ్చి చేశారు. రానడే వితంతు వివాహాల కోసం వాదించే సంస్కర్త. భార్య పోయాక తానే ఒక వితంతువును చేసుకుంటారని మిత్రులు ఎదురుచూస్తుంటే, తండ్రి మాట కాదనలేక ఆ పసిపిల్లను చేసుకున్నారు. ఆ వెలితిని ఆమెకు చదువు చెప్పి పూడ్చుకోవాలనుకున్నారేమో, పెళ్ళయిన నాటి నుంచీ అక్షరాలు నేర్పారు. చదువుతున్నందుకు ఇంట్లోని ఆడవాళ్ళే ఆమెను సాధించారు. పండిత రమాబాయి సభలకు వెళ్ళినందుకు ఇంకా మాటలు పడ్డారు. ఇదంతా మనకు ఎలా తెలుసు? రమాబాయి రానడే స్వయంగా 1910లో మరాఠీలో తన జ్ఞాపకాలు రాశారు కాబట్టి.

ఇద్దరి దారులూ తరవాత బాగా విడిపోయాయి. పండిత రమాబాయి ఇంగ్లండు వెళ్ళి 1883లో క్రైస్తవం తీసుకున్నారు. 1887లో అమెరికాలో అగ్రకుల హిందూ స్త్రీ స్థితి మీద పుస్తకం ప్రచురించారు. 1889లో బొంబాయిలో శారదా సదన్ తెరిచారు. మత మార్పిడి ఆరోపణలతో పూనా సంస్కర్తలే ఆమెకు దూరమయ్యారు. 1896-97 కరువులో మధ్య పరగణాలకు వెళ్ళి ఆకలితో అలమటిస్తున్న బాలికలను కేడ్గావ్‌లోని ముక్తి సదనానికి తీసుకొచ్చారు. మన భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’కు సామగ్రి కూర్చుకున్నదీ ఆ దశాబ్దంలోనే, ఆ మధ్య పరగణాల్లోనే. రమాబాయి రానడే మాత్రం హిందూ కుటుంబం లోపలే ఉండి, ఎవరినీ తెంచుకోకుండా, భర్త పోయాక 1909లో పూనా సేవాసదన్ నెలకొల్పి వితంతువులను నర్సులుగా, ఉపాధ్యాయినులుగా తయారుచేశారు. ఒకరిది తెగతెంపుల మార్గం, ఇంకొకరిది ఓర్పు మార్గం. మరాఠీ పాఠకులు ఇద్దరినీ కలిపెయ్యకుండా, ఎదురెదురుగా నిలబెట్టి చదివారు. ఆ ఎదురుబొదురు నుంచే వాళ్ళ సంస్కరణోద్యమం మీద మంచి చర్చ పుట్టింది.

ఆ పేరుతోనే అక్కడ మరొకరు, అంబేడ్కర్ సహచరి రమాబాయి. భర్త విదేశాల్లో చదువుతున్న ఏళ్ళలో పేదరికంతో, పిల్లల మరణాలతో ఒంటరిగా పోరాడి 1935లో మరణించారు. అంబేడ్కర్ పాకిస్తాన్ మీద రాసిన పుస్తకాన్ని ఆమెకు అంకితమిచ్చారు. ఆమె పుస్తకాలు రాయలేదు, సంస్థలు పెట్టలేదు. అయినా దళిత స్త్రీలు ఆమెను తమ మనిషిగా నిలబెట్టుకున్నారు. జ్ఞాపకం పెట్టుకునే సమూహం ఉంటే పేరు కలిసినా మనిషి కలిసిపోదు.

మనకు అలాంటి జంట లేదా అంటే, ఉంది. గుంటూరులో 1922లో శారదా నికేతనం స్థాపించి, ఆడపిల్లలకు, వితంతువులకు చదువూ చేతిపనీ నేర్పిన ఉన్నవ లక్ష్మీబాయమ్మ. ఆమెను ‘మాలపల్లి’ రచయిత లక్ష్మీనారాయణ భార్యగానే ఎక్కువ మంది ఎరుగుదురు. ఆ శారదా నికేతనంలో చదువుకున్న తెలంగాణ అమ్మాయి సంగం లక్ష్మీబాయి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళి, ఆ అనుభవాలను పుస్తకంగా రాసి, 1957లో వికారాబాద్ నుంచి లోక్‌సభకు వెళ్ళారు. అంటే డాక్టర్ అచ్చమాంబతో పాటు ఒకే సభలో కూర్చున్నారు. హైదరాబాదులో ఐ.ఎస్. సదన్ చౌరస్తా దాటని సిటీ బస్సు ప్రయాణికుడు ఆ వైపున ఉండడు. ఆ పేరు వెనక ఉన్నది అనాథ బాలికల కోసం సంగం లక్ష్మీబాయి పెట్టిన ఇందిరా సేవాసదన్. చౌరస్తాకు పేరు మిగిలింది, పేరు తెచ్చిన ఆమె మరుగున పడ్డారు. గుంటూరు గురువు, హైదరాబాదు శిష్యురాలు, ఇద్దరూ లక్ష్మీబాయిలే. రెండు రాష్ట్రాలుగా విడిపోయిన తరవాత ఈ బంధాన్ని చెప్పుకునేవాళ్ళు ఇంకా తగ్గిపోయారు. అక్కడివాళ్ళు ఒకరిని, ఇక్కడివాళ్ళు ఇంకొకరిని పంచుకుని ఊరుకోవడం ఇద్దరికీ నష్టమే.

చేయవలసిన పని పెద్దదేమీ కాదు. బడి పుస్తకాల్లో స్త్రీల ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా పూర్తి పేరు, పుట్టిన ఊరు, జీవించిన ఏళ్ళు, చేసిన పని రాయాలి. పుట్టింటి పేరు కూడా పక్కన ఇవ్వాలి. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ను మంచి ముందుమాటతో, ఆమె ఏ భాషల నుంచి ఏ సామగ్రి తీసుకున్నారో చూపించే వివరణలతో మళ్ళీ అచ్చువేయాలి. అది తెలుగు విశ్వవిద్యాలయమో, సాహిత్య అకాడమీయో చేయదగిన పని. పాత తెలుగు వైద్య పుస్తకాలను డిజిటల్ చేసేటప్పుడు డాక్టర్ అచ్చమాంబ పుస్తకానికి చోటివ్వాలి. విజయవాడలో వైద్య విద్యార్థులకు ఆమె పేరుతో ఏడాదికి ఒక ఉపన్యాసం పెట్టడానికి ఖర్చెంత?

మేనత్త విషయంలో తొందరేమీ లేదు. ఆమె రాసినవి అచ్చులో ఉన్నాయి, వందేళ్ళు ఆగాయి, ఇంకొంత కాలం ఆగగలవు. డాక్టరు సంగతి అలా కాదు. ఆమె 1964లో పోయారు. ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్ళలో చిన్నవాళ్ళకు ఇప్పుడు అరవై దాటాయి, పెద్దవాళ్ళకు తొంభై దగ్గర పడుతోంది. బెజవాడ గవర్నరుపేటలోనో, కృష్ణా డెల్టా పల్లెల్లోనో, అమెరికాలో కొడుకుల ఇళ్ళల్లోనో వాళ్ళున్నారు. ‘మా అమ్మకు కాన్పు అచ్చమాంబగారే చేశారట’ అని ఇళ్ళల్లో చెప్పుకున్న మాటలు వాళ్ళ దగ్గరున్నాయి. ఫీజు ఎంత తీసుకునేవారు, పల్లెలకు వెళ్ళేవారా, అర్ధరాత్రి పిలిస్తే ఎవరు తోడు వచ్చేవారు, మంత్రసానులతో ఎలా మసలేవారు, బాలింతలకు ఏం తినమని చెప్పేవారు అన్న ప్రశ్నలకు జవాబులు ఏ పార్లమెంటు రికార్డులోనూ దొరకవు. స్త్రీశక్తి సంఘటన 1980ల్లో చేసిన పనిని విజయవాడలోని ఏదైనా కళాశాల చరిత్ర శాఖ ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు. విద్యార్థుల చేతుల్లో ఫోన్లు ఉన్నాయి, వాటిలో రికార్డర్లు ఉన్నాయి.